దొరసాని భోజనం వేళ

మొన్న డిసెంబరులో మా మనవరాలు కొత్తగా కొన్న కరెంటు పొయ్యిలో బిస్కెట్లు చేస్తూ పిండిలో దాల్చినచెక్క పొడి కాస్త ధారాళంగానే గుమ్మరించింది. కాసేపటికే ఇల్లంతా, ఇంటి ముందు సందంతా ఆ వాసనే. ఇంట్లో మిగతా వాళ్ళకు దాల్చినచెక్క అంటే పెండ్లి విందు, ఆదివారం మసాలా కూర, బగారన్నం. నాకు మాత్రం ఆ వాసన ఎక్కడ తగిలినా ఒక పొడుగాటి దొరసాని, ఆమె చేతిలో రేకు డబ్బా, ఆ డబ్బా మూత టక్కున పడే చప్పుడు గుర్తొస్తాయి. ఎనభై దాటాక నిన్న ఏం తిన్నానో మర్చిపోతున్నాను కాని ఆ చప్పుడు మాత్రం మర్చిపోలేదు.

నిజాం రాజ్యం ఇంకా నడుస్తున్న రోజులవి. మా నారాయణఖేడ్‌ను మేం ఖేడ్ అనే అంటాం. ఊరికి కంగ్టి వైపు కొసన, వేపచెట్ల నడుమ మిషన్ వాళ్ళ బంగ్లా, దానికి ఆనుకుని రెండు గదుల దవాఖాన ఉండేవి. ఆ దవాఖానకు నర్సుగా వచ్చిందామె. పేరు యోహన్న, మాకు యోహన్నమ్మ దొరసాని. తెల్లగా ఉంటే ఇంగ్లీషోళ్ళే అనుకునే ఊరికి ఆమె ఓపికగా, ఒక్కొక్కరికీ విడివిడిగా, "నేను ఇంగ్లీషు దానను కాను, హాలండు దేశస్థురాలను" అని చెప్పుకునేది. తెలుగు బైబిలు చదివి నేర్చుకుంది కాబట్టి ఆమె నోట ఏ మాటైనా ప్రవక్తలు పలికినట్టే ఉండేది, "నీకు విరేచనము సాఫీగా అగుచున్నదా?" అని ఆమె గంభీరంగా అడిగితే రోగులు నవ్వు ఆపుకోలేక నొప్పి మరిచిపోయేవాళ్ళు. ఆమెకు సైకిలు ఉండేది. ఆడమనిషి సైకిలెక్కడం ఊరు అంతకు ముందు చూడలేదు. తహసీలు కచేరీ ముందు నుంచి ఆమె గంట కొట్టుకుంటూ పోతుంటే అక్కడి జవాన్లు సిగ్గుతో తలలు తిప్పుకునేవాళ్ళు, ఆమెకు మాత్రం సిగ్గూ లేదు, బెదురూ లేదు.

మా ఇండ్లు బంగ్లాకు కాస్త దూరంలో, వాగు పక్కన. తాతల కాలంలోనే మిషన్‌లో కలిసిన కుటుంబాలు మావి. ఆదివారం గుడి, మిగతా ఆరు రోజులు కూలి. వానలు తగ్గి చలి మొదలైందంటే పిల్లలకు అసలైన పండుగ అప్పుడే. జొన్న పాలకంకులు నిప్పుల మీద కాల్చి అరచేతుల్లో నలిపి పొట్టు ఊదుకుంటూ తినడం, తొగరికాయలని మేం పిలుచుకునే కందికాయలు ఉప్పేసి ఉడకబెడితే గౌను ఒళ్ళో పోసుకుని గట్ల మీద కూర్చుని వొలుచుకోవడం, పెనం మీది నుంచి దిగిన జొన్నరొట్టెలో పుంటికూర తొక్కు, అదే గోంగూర పచ్చడి, పెట్టుకుని వేళ్ళు కాలుతున్నా వదలకపోవడం, కోతల పండుగకు గుడిలో రాశిగా పోసిన కొత్త ధాన్యం వాసనకు ప్రార్థన మధ్యలో ఆకలి కావడం, బోరంచ పోచమ్మ జాతరకు మనం పోవద్దని ఇంట్లో ఎంత చెప్పినా అటు పోయే బండ్ల వెనక పొలిమేర దాకా ఉరకడం, ఇవన్నీ ఆ చలికాలంలోనే. మిగిలిన పొద్దంతా దవాఖాన మెట్ల మీద అచ్చనగండ్లు.

ఏసయ్యను నమ్ముకున్నాం కాని పాత వద్దులన్నీ మా వెంటే వచ్చాయి. బయటికి పోయేవాళ్ళను ఎక్కడికని అడగొద్దు. పోతున్నానని అనొద్దు, పోయొస్తానని అనాలి. ఉప్పు చేతికి ఇవ్వొద్దు. మొగని పేరు నోట రానీయొద్దు. కడుపుతో ఉన్నదాని ముందు చెడు మాట ఎత్తొద్దు. అన్నిటికన్నా గట్టిది, తినేవాళ్ళ వైపు చూడొద్దు, దిష్టి తగులుతుంది. అమ్మ తల్లిని మేం అవ్వ అనేవాళ్ళం. ఈ వద్దులన్నిటి మీదా మా అవ్వే తహసీల్దారు. ఎవరైనా తింటుంటే మా మెడలు పట్టుకుని అటు తిప్పేది. ఇవి కాక ఊరు మా మీద పెట్టిన వద్దులు వేరే ఉండేవి. పటేల్ ఇంటి గడప ఎక్కొద్దు, దాహమైతే దోసిలి పట్టాలి, నీళ్ళు పైనుంచి పోస్తారు. ఎండా వానా ఉన్నట్టే అవీ ఉంటాయనుకునేవాళ్ళం. పిల్లలం కదా, ఎవరు పెట్టారని అడగాలని కూడా తెలియదు.

అటువంటిది దొరసానికీ వద్దులున్నాయని తెలిసినప్పుడు నాకు భలే సంబరమైంది. ప్రతి గురువారం నాలుగు గంటలకు ఆమె బంగ్లా వరండాలో మా ఆడపిల్లలకు కుట్టు, చదువు నేర్పేది. నాలుగంటే నాలుగే, ముందొచ్చిన వాళ్ళు గేటు బయట నిలబడాల్సిందే. పని అయ్యాక తను కాఫీ పోసుకుని, స్వయంగా కాల్చిన దాల్చినచెక్క బిస్కెట్ల డబ్బా తెచ్చి మనిషికి ఒక్కటంటే ఒక్కటి ఇచ్చి, మేం ఇంకా చెయ్యి వెనక్కి తీసుకోకముందే మూత బిగించేది. ఆ సంగతి ఇంట్లో చెప్తే అవ్వ నమ్మలేదు.

"ఒక్కటే ఇచ్చిందా?"

"ఒక్కటే. ఇచ్చి మూత పెట్టింది."

"మీ ముంగట్నే పెట్టిందా?"

"ముంగట్నే."

అవ్వ బుగ్గ నొక్కుకుంది. "గా దేశంల కరువున్నదేమో పాపం," అని జాలిపడింది.

కరువు కాదు, అది వాళ్ళ మర్యాద అని నాకు తర్వాత తెలిసింది. హాలండులో పిలవకుండా ఒకరింటికి పోకూడదట. జీతమెంత, వయసెంత, పెండ్లెందుకు కాలేదు అని అడగకూడదట. అవ్వ మొదటిసారి దవాఖానకు పోయినప్పుడు ఆ మూడూ ఒకే ఊపిరిలో అడిగేసి, "అవి అడుగరాని ప్రశ్నలు" అనిపించుకుని వచ్చింది. తన గొప్ప చెప్పుకోకూడదు. ఏడాది పొడుగునా ఆమె ఒకే మట్టిరంగు గౌను వేసుకోవడం అందుకేనట. కిటికీలకు తెరలు కట్టకూడదు, దాచవలసింది ఏదీ లేదని తెలియాలి కదా. అన్నిటికన్నా పెద్ద వద్దు ఏమిటంటే, మనసులో ఒకటి పెట్టుకుని నోటితో ఇంకొకటి అనకూడదు. అవ్వ ప్రేమగా పుంటికూర తొక్కు పంపితే రుచి చూసి, "ఇది నాకు నచ్చలేదు" అని గిన్నె కడిగి మరీ తిరిగి పంపిన మనిషి ఆమె.

నాకు ఎనిమిదేండ్లు. ఒకనాడు చేతిగుడ్డ అంచు మొత్తం నేనే కుట్టి, ఆ సంతోషం పట్టలేక దీపాల వేళ పరిగెత్తుకుంటూ బంగ్లాలోకి చొరబడ్డాను. ఆమె ఒక్కతే బల్ల ముందు కూర్చుని ఉడకేసిన ఆలుగడ్డ కోసుకుంటోంది. చెంచా కింద పెట్టి, నా భుజం పట్టుకుని మెట్ల దాకా నడిపించింది. "మార్తా, ఇది భోజనపు వేళ. భోజనపు వేళ మా దేశములో ఎవరును ఒకరి తలుపు తట్టరు. నేను ముగించి వచ్చువరకు ఇక్కడ కూర్చుండుము," అంది. కోపంగా అనలేదు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇండ్లలో అన్నం వేళకు ఎవరొచ్చినా ముందు వాళ్ళకు పీట వేస్తారు, మాట తర్వాత. తిన్నాక ఆమె వచ్చి, దీపం దగ్గర గుడ్డ పట్టుకుని చాలాసేపు చూసి, "మూడు కుట్లు వంకర. మిగిలినవి బాగున్నవి," అంది.

ఆ రోజు నుంచి నేను దొరసాని వద్దులన్నీ ఒంటబట్టించుకున్నాను. గడియారం చూడటం నేర్చుకున్నాను. ఇంకో బిస్కెట్ కోసం చూసే పిల్లల మోచేతులు గిల్లేదాన్ని. "ఈ పిల్లలందరిలో మార్తకు మర్యాద తెలియును," అని ఒక గురువారం ఆమె అంటే నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇప్పుడు ఆలోచిస్తే దానికి కారణం ఉంది. పటేల్ గడప మేం ఏ వేళకు పోయినా మాకు తెరుచుకునేది కాదు. ఈ తలుపు అలా కాదు, వేళ తెలుసుకుని పోతే తెరుచుకుంటుంది. నాలాంటి పిల్లకు అది చిన్న సంగతి కాదు.

ఆ ఏడే అమ్మ చెల్లెలు, మా సమాధానం చిన్నమ్మ, తొలి కాన్పుకు కల్హేర్ నుంచి పుట్టింటికి వచ్చింది. పద్దెనిమిదేండ్ల మనిషి, నవ్వితే ఆగేది కాదు. రోజూ నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వి జడ వేసేది. నా చెవి తన కడుపుకు ఆనించి, "ఇను మార్తీ, లోపట అచ్చనగండ్లు ఆడుతుండు" అనేది. నేను నిజమేననుకుని ఎన్ని గండ్లున్నాయో లెక్కపెట్టడానికి చూసేదాన్ని.

నెలలు నిండుతున్నాయనగా అవ్వ ఆమెను దవాఖానకు తీసుకుపోయింది. వెంట నేనూ పోయాను. దొరసాని కడుపు మీద రెండు చేతులూ ఆనించి, కండ్లు మూసుకుని తడిమి చూసింది. తర్వాత ముగ్గురం వింటుండగా చెప్పింది: "బిడ్డ తల పైన ఉన్నది, కాళ్ళు క్రింద ఉన్నవి. నొప్పులు ఆరంభమైన వెంటనే నన్ను పిలువవలెను. ఆలస్యమైన యెడల బిడ్డ చచ్చును."

చిన్నమ్మ మొహం పాలిపోయింది. అవ్వ లేచి నిలబడింది.

"నీ నోట్లె ఇంకో మాటే లేదా అమ్మా? కడుపుతోటున్న పిల్ల ముంగట గామాటంటరా?"

"సత్యము చెప్పకుండుట తప్పు."

"గసొంటి సత్యం నీ కాడనే పెట్టుకో."

అవ్వ చిన్నమ్మ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. మళ్ళీ దవాఖాన వైపు చూడలేదు. దొరసాని ఏమో పిలవనిదే ఒకరింటికి రాదు. అవ్వ ఏమో ఆ నోరున్న మనిషిని పిలవదు. ఇద్దరి నడుమా గురువారం గురువారం పోయి వచ్చేదాన్ని నేనొక్కదాన్నే. "నీ చిన్నమ్మ ఎట్లున్నది?" అని ఆమె అడిగేది. "మంచిగున్నది," అనేదాన్ని, అవ్వ అట్లనే చెప్పమంది కాబట్టి. ఆమె ఇంకో మాట కోసం కాసేపు చూసి సూదిలో దారం ఎక్కించుకునేది. రెండోసారి అడగడం, పరుల ఇంటి విషయంలో తల దూర్చడం, ఆమెకు వద్దు.

జొన్న కోతల రోజులు. అమ్మా నాయనా, వాడలో కాళ్ళు చేతులు ఆడేవాళ్ళందరూ చేన్లలోనే ఉన్నారు. పొద్దు వాలుతుండగా చిన్నమ్మ గుంజ పట్టుకుని వంగిపోయింది. అవ్వ ఆమె నడుము రాస్తూ కాసేపు చూసింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఉరుకు బిడ్డా, దొరసానిని తోల్కరా. జల్దీ. నడుమల ఎవ్వలకు చెప్పకు, నొప్పుల సంగతి నలుగురికి ఎరుకైతే కాన్పు కష్టమైతది. ఆమెకొక్కదానికే చెప్పు."

ఉరికాను. ఎక్కడా ఆగలేదు. గేటు దాటి మెట్ల దగ్గరికి చేరేసరికి లోపల గోడ గడియారం ఆరు కొడుతోంది. తెరలేని కిటికీలోంచి దీపం వెలుగులో దొరసాని కుర్చీ జరుపుకుని బల్ల ముందు కూర్చోవడం కనిపించింది. వంట చేసే దావీదు బావి దగ్గర గిన్నెలు తోముతున్నాడు.

"ఏందే పిల్లా, గీ యాళకొచ్చినవ్?"

"ఊకెనే," అన్నాను.

"అమ్మ తింటున్నది. కూసో మరి."

కూర్చున్నాను. భోజనపు వేళ తలుపు తట్టకూడదని దొరసాని చెప్పింది. దావీదుకు చెప్పొద్దని అవ్వ చెప్పింది. కనీసం కిటికీకి ఎదురుగా నిలబడినా ఆమె నన్ను చూసేది. కాని తినేవాళ్ళ వైపు చూడొద్దు కదా, అందుకని కిటికీ కింద, గోడకు వీపు ఆనించి, ఆమెకు కనబడకుండా కూర్చున్నాను. చెంచా పళ్ళేనికి తగిలే చప్పుడు వినబడుతోంది. తిన్నాక ఆమె రోజూలాగే తన భాషలో బైబిలు పైకి చదువుకుంది, ప్రార్థన చేసుకుంది. నాకు లోపల గుబులుగానే ఉంది, చిన్నమ్మ వంగిపోవడం కండ్ల ముందే ఉంది. కాని దాని పక్కనే ఇంకొకటి కూడా ఉంది, దాచను. ఇంత కష్టంలో కూడా మర్యాద తప్పలేదని దొరసాని నన్ను మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. "మార్తా? నీవు ఎప్పుడు వచ్చితివి?"

"గడియారం ఆరు కొట్టినప్పుడు."

"ఎందుకు?"

"చిన్నమ్మకు నొప్పులొస్తున్నయి."

ఆమె గడియారం వైపు చూసింది. సంచీ అందుకుని, నన్ను ఎత్తి సైకిలు వెనక కూర్చోబెట్టి, గంట కూడా కొట్టకుండా వాగు దాకా తొక్కింది. ఆమె వీపు గట్టిగా పట్టుకుంటే గౌను లోపల గుండె దడదడా కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

మేం పోయేసరికి బిడ్డ కాళ్ళు వచ్చాయి, ఒళ్ళు వచ్చింది, తల రాలేదు. అవ్వ చేతులు ఏం చేయాలో తెలియక గాలిలో ఆగిపోయి ఉన్నాయి. దొరసాని మోకాళ్ళ మీద కూర్చుని ఏదో ఒడుపు చేసింది, తల బయటపడింది. మగపిల్లాడు. ఏడవలేదు. ఆమె వాడి నోట్లో నోరు పెట్టి ఊదింది, ఒళ్ళు రుద్దింది, మళ్ళీ ఊదింది. ఎంతసేపు ఊదిందో చెప్పలేను. చివరికి ఆపి, వాడిని గుడ్డలో చుట్టింది.

"ఏడుస్తలేడేంది?" అని చిన్నమ్మ అడిగింది.

"చనిపోయెను," అంది దొరసాని. ఆమెకు ఇంకో రకంగా చెప్పడం రాదు.

అవ్వ ఒక్కసారిగా ఆమె మీదికి తిరిగింది. "పిల్లను తోలి ఎంతసేపాయె! గింతసేపు ఏం జేసినవ్?"

నేను తలుపు వెనక ఉన్నాను. దొరసాని తల తిప్పి నా వైపు చూసింది. ఇప్పుడు చెప్పేస్తుందనుకున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి కదా.

"నేను భోజనము చేయుచుంటిని," అంది.

అందులో అబద్ధం లేదు. ఆమె నోట అబద్ధం రాలేదు. ఆ తర్వాత అవ్వ ఎంత తిట్టినా ఆ ఒక్క మాటకు ఇంకో మాట కలపలేదు.

నోటి దగ్గరి ముద్ద వదిలేసి ఆపదకు ఉరికే ఊరు మాది. అటువంటి ఊళ్ళో ఆ మాట ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పిల్లగాడు చస్తుంటే బువ్వ తినుకుంటూ కూర్చున్నదట అని ఇల్లిల్లూ పాకింది. ఆడవాళ్ళు దవాఖాన మెట్లెక్కడం మానేశారు. సైకిలు కనబడితే పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్ళు. నా ఒక్క మాటతో అదంతా ఆగిపోయేది. ఆ మాట నేను చెప్పలేదు. అవ్వ కొడుతుందని కాదు, ఆమె దెబ్బలు నాకు అలవాటే. చిన్నమ్మ మళ్ళీ నాకు జడ వేయదని భయం.

ఆ గురువారం కుట్టుకు ఆడపిల్లలను ఎవరూ పంపలేదు. నేను కట్టెపుల్లలకని చెప్పి పోయాను. నాలుగు కొట్టగానే ఆమె తలుపు తీసింది. సూదీ దారం తేలేదు. నా ఎదుట కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నీవు తలుపు తట్టవలసినది," అంది.

నేను ఏడ్చాను. ఆమె ఊకోమనలేదు, దగ్గరికి తీసుకోలేదు. నా ఏడుపు అయ్యేదాకా ఆగింది.

"ఆ నియమము నీకు చెప్పిననాడు, ప్రాణము మీదికి వచ్చినప్పుడు ఏ నియమమును లేదని కూడ నేను చెప్పవలసినది. చెప్పలేదు. మనమిద్దరము తప్పు చేసితిమి. నాది పెద్దది. నీది చిన్నది, ఏలయనగా నీవు చిన్నదానవు."

"అవ్వకు చెప్పనా?" అని అడిగాను.

"అది నీవే తేల్చుకొనవలెను," అంది.

నేను తేల్చుకోలేదు. వానలు మొదలయ్యే ముందు ఆమె బండి కట్టించుకుని వెళ్ళిపోయింది. దవాఖాన చాలా రోజులు తాళం వేసే ఉంది. ఎక్కడికి పోయిందో, ఆ యుద్ధం రోజుల్లో ఆమె దేశం ఏమైందో, ఆమెకు ఎవరున్నారో, ఎవరమూ అడగలేదు. నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. కాళ్ళు ముందుగా వచ్చిన బిడ్డలను ఈ చేతులతో ఎందరినో దించాను, ఏడిపించాను. ఆ వేళ కిటికీ కింద నేను కూర్చున్న కాలం ఎంతటిదో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆ బంగ్లా లేదు, వేపచెట్లు లేవు. అక్కడ వరసగా షట్టర్ల దుకాణాలున్నాయి. ఉప్పు చేతికి ఇస్తున్నారు, మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నారు, తినేవాళ్ళను చూడటం కాదు, ఫోటోలే తీస్తున్నారు. పైనుంచి నీళ్ళు పోసే రోజులు పోయాయి. అవి పోయినందుకు నాకు ఏ బెంగా లేదు. చిత్రమేమిటంటే మా ఇండ్లే ఇప్పుడు హాలండులా అయ్యాయి. ఫోను చేయకుండా ఎవరూ రారు, వచ్చిన వాళ్ళ ముందు పళ్ళెంలో రెండు బిస్కెట్లు పెడతారు, దీపాల వేళకు తలుపులన్నీ మూసి ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు మొహం మీద చెప్పడం మాత్రం ఇంకా ఎవరికీ రాలేదు.

చిన్నమ్మకు తర్వాత ఒక కూతురు పుట్టింది. తొంభై దాటాక పోయినేడు చిన్నమ్మ కాలం చేసింది. చివరి దాకా నా చెయ్యి పట్టుకునే ఉంది. అప్పుడు కూడా నేను చెప్పలేదు. దినం నాడు అందరం తింటుంటే ఆమె కూతురి కూతురు పిల్లలకు ఆ పాత కథే చెబుతోంది: "మా అమ్మమ్మకు మొదాలు ఒక కొడుకు పుట్టిండట. దొరసాని బువ్వ తినుకుంట కూసున్నదట, రాలేదట."

నేను పళ్ళెం కింద పెట్టాను. ఆరు కొట్టడం దగ్గర్నుంచి ఏమైందో అంతా చెప్పాను. ఆ పిల్ల నా పక్కకు జరిగి కూర్చుంది.

"నువ్వప్పుడు గింతంత పోరివి పెద్దమ్మా. నీ తప్పేమున్నది? ఊకో," అంది. అందరూ అవునన్నారు, నీ తప్పేం లేదన్నారు. మా వాళ్ళ మంచితనం అది.

"ఉన్నది బిడ్డా," అన్నాను. "చిన్నదే. నా వంతు నాకు ఉండనియ్యుండ్రి. దొరసాని మీద పెట్టిన నా వంతు మాత్రం ఇప్పుడన్న తీసెయ్యుండ్రి."